పిలుపూ కాగితమూ

సూట్‌కేసు అడుగున, పాత చీర మడతల్లో గసగసాల పొట్లం దొరికింది. పావుకిలో ఉంటుంది. హైదరాబాదు బండెక్కడానికి ఇంకా రెండు రోజులుంది. హజ్ కమిటీ వాళ్లిచ్చిన సూచనల కాగితం ఒక చేత్తో పట్టుకుని, అమ్మ సర్దిన పెట్టెను నేను మొదట్నుంచీ మళ్లీ విప్పుతున్నాను.

"ఏందమ్మా ఇది?"

"కూరలోకిరా. నలభై రోజులాయె. ఆడి తిండి నోట్లో పెట్టుకోగలమో లేదో."

"ఇది పట్టుకెళ్తే జైల్లో వేస్తారు."

నవ్వింది. ఆటపట్టిస్తున్నాననుకుంది. గసగసాలంటే నల్లమందు మొక్క గింజలని, మన కిరాణా కొట్లో కొలిచి ఇచ్చేవి సౌదీ అరేబియాలో మత్తుపదార్థాల లెక్కలోకి వస్తాయని, కస్టమ్స్ వాళ్లకు దొరికాక కూరలోకి అని చెప్పుకున్నా వినరని విడమరిచి చెప్పాను. వేరే దినుసుల మాట ఎలా ఉన్నా గసగసాల పేరు మాత్రం హజ్ కమిటీ ప్రత్యేకంగా ఎత్తి చెబుతుంది. ఎందుకంటే అమ్మలాంటి వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అమ్మ కాసేపు పొట్లం కేసి చూసి, వంటింట్లోకి వెళ్లి డబ్బాలో ఒంపేసింది. ఒంపుతూ అంది:

"పిలిచినాయన ఇన్ని సోదాలు పెట్టి రానిస్తాడంట్రా లోపలికి?"

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పుకునేవాణ్ణి. మత పండితుణ్ణి కాను. కానీ దరఖాస్తు పెట్టిన రోజు నుంచీ నా బుర్రలో నలుగుతున్న ప్రశ్నను అమ్మ వంటింట్లోంచి ఒక్క వాక్యంలో విసిరేసింది. మొక్కుకునేవాడికీ దేవుడికీ మధ్య పాస్‌పోర్టుకు, టీకా కార్డుకు, వేలిముద్రకు ఏం పని? ఉంటే అది దేవుడి పనిలో భాగమా, లేక దానికి అడ్డమా?

మాలో ఎవరైనా హజ్‌కి వెళ్తుంటే "పిలుపొచ్చింది" అంటాం. ఉర్దూ మాట్లాడేవాళ్లు "బులావా" అంటారు. ఈ మాటకి వెనక ఒక కథ ఉంది. కాబాను కట్టాక ఇబ్రాహీం ప్రవక్త జనాన్ని యాత్రకు రమ్మని కేక వేశాడట. పుట్టినవాళ్లే కాదు, ఇంకా పుట్టనివాళ్ల ఆత్మలు కూడా ఆ కేకకు బదులు పలికాయట. ఆ రోజు పలికినవాళ్లే హజ్ చేస్తారని వ్యాఖ్యాతలు చెప్పుకొచ్చారు. యాత్రికులు దారి పొడుగునా "లబ్బైక్" అనేది అందుకే. ఎవరో పిలిస్తే "ఇదిగో వచ్చా" అన్నట్టు.

వినడానికి ఎంత బావుంటుంది! వెళ్లలేకపోయినవాడి చెవిలో ఇదే కథ ఎలా మోగుతుందో మా నాన్న మంచం పక్కన కూర్చున్నాక తెలిసింది.

నాన్న దూది ఏకేవాడు. మా నూర్‌బాషాల కులవృత్తి అదే. సైకిల్ క్యారేజీకి విల్లు కట్టుకుని ఊళ్లు తిరిగి పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. తర్వాత యంత్రాలొచ్చాయి, ఆ తర్వాత పరుపులే ఫోమువి వచ్చాయి. 2010లో పాస్‌పోర్టు తీసుకున్నాడు. అంతకుముందు దాకా హజ్‌కి మామూలు పాస్‌పోర్టు అక్కర్లేదు. ఆ ఒక్క యాత్రకే చెల్లే పిల్‌గ్రిమ్ పాస్ ఇచ్చేవాళ్లు. 2009 నుంచి సౌదీ ప్రభుత్వం అందరికీ అంతర్జాతీయ పాస్‌పోర్టు ఉండాలంది. దాంతో మద్రాసు కూడా చూడని మనిషి విదేశాలకు చెల్లే పుస్తకం సంపాదించుకున్నాడు. 2012, 13, 14 – మూడేళ్లు దరఖాస్తు పెట్టాడు. మూడుసార్లూ లాటరీలో రాలేదు. అప్పట్లో వరుసగా మూడేళ్లు రానివాళ్లకి నాలుగో ఏడు లాటరీ లేకుండా అవకాశం ఇచ్చేవాళ్లు. 2015 ఖాయమని వీధంతా చెప్పుకున్నాడు. 2014 దసరా సెలవుల్లో కాళ్లు వాచాయి. క్రియాటినిన్ చూసి డాక్టరు వారానికి రెండుసార్లు డయాలసిస్ అన్నాడు. ఆరోగ్య ధ్రువపత్రం మీద సంతకం పెట్టే ప్రసక్తే లేదన్నాడు. ఆయన తప్పేం లేదు.

2018లో నాన్న పోయాడు. పోవడానికి కొన్ని నెలల ముందు, ఆసుపత్రి నుంచి ఆటోలో వస్తూ, నవ్వుతూనే అన్నాడు: "ఆయన కేకేసినప్పుడు నేను దూది ఏకతా ఉండుంటారా. వింటి మోతలో వినపడి ఉండదు."

ఆ మాట నన్ను చాలా ఏళ్లు తిన్నది. ఒక పేదవాడు తన మూత్రపిండాల జబ్బుని, లాటరీలో తన పేరు రాకపోవడాన్ని, చేతిలో డబ్బు ఆలస్యంగా పోగవడాన్ని – వీటన్నింటినీ కలిపి దేవుడు తనని పిలవకపోవడంగా లెక్క కట్టుకున్నాడు. పిలుపు అనే అందమైన మాట డబ్బున్నవాడికి కిరీటం పెడుతుంది. అయిదుసార్లు వెళ్లొచ్చిన వ్యాపారి "నన్ను అయిదుసార్లు పిలిచాడు" అంటాడు. అతని మాట వింటూ వెళ్లలేనివాడు నేలచూపులు చూస్తాడు.

అందుకే అమ్మకి దరఖాస్తు పెట్టే ముందు నేను పుస్తకాలు తిరగేశాను. ఖురాన్ మూడో అధ్యాయం 97వ వాక్యంలో ఈ యాత్రను విధిగా చెప్పేచోటే ఒక షరతు ఉంది: అక్కడికి చేరే దారి ఉన్నవాళ్లకి మాత్రమే. పిలుపు మాట అక్కడ లేదు. శక్తి మాట ఉంది. ఇస్తితాఅత్ అంటారు అరబ్బీలో. ఆ ఒక్క మాట మీద ధర్మశాస్త్రవేత్తలు పన్నెండు వందల ఏళ్లుగా వాదించుకుంటున్నారు. ఎక్కువమంది అన్నది: దారిబత్తెం, ఎక్కడానికి వాహనం ఉండాలి. తిరిగొచ్చేదాకా ఇంట్లోవాళ్లకి తిండికి లోటుండకూడదు. అప్పులు తీరాలి. దారిలో ప్రాణభయం ఉండకూడదు. మదీనా ఇమామ్ మాలిక్ మరికాస్త గట్టివాడు. కాళ్లలో సత్తువ ఉండి, దారిలో కష్టం చేసుకుని తినగలిగినవాడు నడిచైనా వెళ్లాల్సిందే అన్నాడు. మేం అనుసరించే అబూ హనీఫా వేరేచోట మెత్తన. ఒంట్లో ఆరోగ్యం లేనివాడికి ఎంత డబ్బున్నా ఆ విధే లేదన్నాడు. ఆయన ఇద్దరు ముఖ్యశిష్యులు ఒప్పుకోలేదు. వెళ్లలేకపోతే డబ్బిచ్చి ఇంకొకర్ని పంపాలన్నారు.

గురువుగారి మాట ప్రకారం చూస్తే మా నాన్న మీద ఏ బాకీ లేదు. పిలిచినా వినపడకపోవడం కాదు, అసలు ఆయన్ని రమ్మనే లేదు – రాలేడని తెలిసి. నాకు అదొక పెద్ద ఊరటగా తోచింది. నాన్న బతికుండగా తెలిసి ఉంటే ఆటోలోనే చెప్పేవాణ్ణి.

మరి కాగితం సంగతి? దారి అంటే అందులో కాగితం కూడా ఉందా? ఇది ఇవాళ్టి తగాదా కాదు. అరేబియా సముద్రం మీద పోర్చుగీసువాళ్ల పెత్తనం నడిచిన రోజుల్లో సూరత్ నుంచి జెద్దాకి పోయే ఓడ వాళ్ల దగ్గర కార్తాజ్ అనే అనుమతిపత్రం కొనుక్కోవాలి. దానిమీద మేరీమాత, ఏసుక్రీస్తు బొమ్మలుండేవి. అక్బర్ కొలువులో మఖ్దూముల్ ముల్క్ బిరుదున్న అబ్దుల్లా సుల్తాన్‌పురీ, బొమ్మలున్న కాగితం పట్టుకుని హజ్‌కి వెళ్లడం విగ్రహాలకు తలొగ్గడమేనని, నేలదారి చూస్తే షియాల ఇరాన్ గుండా పోవాలని, కాబట్టి హిందూస్థాన్ ముస్లింలకు హజ్ విధి కాదని తీర్పు చెప్పాడని ఆనాటి చరిత్రకారుడు బదాయూనీ రాసిపెట్టాడు. బదాయూనీకి ఆయనంటే పడదు కాబట్టి కాస్త ఉప్పూకారం ఎక్కువే వేసి ఉంటాడు. అదే కాలంలో అక్బర్ మేనత్త గుల్బదన్ బేగం ఆ కాగితం సంపాదించుకునే 1576లో ఓడెక్కింది, హజ్ చేసి వచ్చింది. ఒకే కాగితం. పండితుడికి అది వెళ్లకపోవడానికి సాకైంది, ముసలామెకు దారైంది.

మా అమ్మ కాగితాల మీద దేవుడి బొమ్మల్లేవు గానీ, ఒక్కోదాని మీద ఒక్కో మనిషి ఉంది. ఆధార్‌లో నూర్‌బాషా నాగూర్‌బీ. ఓటరు కార్డులో నాగూరమ్మ. రేషన్ కార్డులో దూదేకుల నాగూర్‌బి. మాలో ఇది మామూలే. మా పెద్దల్లో సగంమందికి వీధిలో ఒక పేరు, మసీదులో ఒక పేరు. గుంటూరు మిర్చి యార్డులో అమ్మ ముప్పై ఏళ్లు తొడిమలు తీసింది. అక్కడ అందరికీ నాగూరమ్మే. పాస్‌పోర్టు కోసం ఈ ముగ్గురూ ఒక్కరేనని అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించి, ఆధార్‌లో ఉన్న అక్షరాలకే మిగతావన్నీ మార్పించి – మూడు నెలలు పట్టింది. "ఆయన పిల్చినప్పుడు ఏ పేరుతో పిల్చాడంటావ్?" అని ఒకసారి వేళాకోళం ఆడాను. "ఏ పేరుతో పిల్చినా పలుకుతాను. యార్డులో ఏజెంటు 'ఏమేవ్' అన్నా పలికా" అంది.

పుట్టినతేదీ ఇంకో కథ. అమ్మకి అది తెలీదు. దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను చంటివాణ్ణి, అంతవరకే లెక్క. ఎప్పుడో ఎవరో గుమాస్తా 01-01-1953 అని వేశాడు. ఆ తేదీ ప్రకారం అమ్మకి డెబ్భై దాటాయి. అప్పట్లో డెబ్భై దాటినవాళ్లకి ఒక తోడుమనిషితో సహా లాటరీ లేకుండా సీటిచ్చే ఏర్పాటు ఉండేది. నాన్న మూడేళ్లు లాటరీ కోసం కాచుకున్నాడు. గుమాస్తా కలం అమ్మను, తోడుగా నన్ను, ఒక్క గీతతో దాటించేసింది. నిజమో కాదో తెలియని వయసుతో హజ్‌కి వెళ్లడం సబబేనా అని మసీదులో పెద్దాయన్ని అడిగాను. ఆయన అమ్మను ఎగాదిగా చూసి, "నువ్వు ఎక్కువ వేసుకున్నావని కాదు, తక్కువ వేసుకున్నావని అనుమానించాలి" అన్నాడు. అమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

టీకాల రోజు గురించి నేను మరిచిపోలేను. జిల్లా కేంద్రంలో ఒక ఫంక్షన్ హాలు. పెళ్లికి కట్టిన పూలదండలు ఇంకా వేలాడుతున్నాయి. ఒక బల్ల దగ్గర మెనింజైటిస్ టీకా, ఒక బల్ల దగ్గర ఫ్లూ టీకా, చివరి బల్ల దగ్గర పోలియో చుక్కలు. ఊతకర్రలతో వచ్చిన ముసలాళ్లు, ఖురాన్ కంఠతా వచ్చిన, గడ్డాలు నెరిసిన హాఫిజ్‌లు, కళ్లజోడు మీదికి జరుపుకుంటూ అవ్వలు, ఒకరి వెనక ఒకరు నిలబడి పసిపిల్లల్లా నోళ్లు తెరిచారు. నర్సమ్మాయి రెండేసి చుక్కలు వేస్తూ అలవాటుగా "మింగెయ్ నాన్నా" అంటోంది. వరసలో ఎవరికో నవ్వొచ్చింది. అది అంటుకుని హాలంతా నవ్వు.

ఆ నవ్వుకి వెనక చరిత్ర చిన్నది కాదు. 1865లో హజ్‌లో ప్రబలిన కలరా యాత్రికులతో పాటే ఈజిప్టు దాటి యూరప్ చేరింది. మరుసటేడు కాన్‌స్టాంటినోపుల్‌లో దేశాలు కూర్చుని యాత్రికుల ఓడల గురించి చర్చించాయి. 1882 నుంచి హిందూస్థాన్ వైపు నుంచి వచ్చే ఓడలను ఎర్రసముద్రంలో కమరాన్ దీవి దగ్గర ఆపి, జనాన్ని దింపి, రోజుల తరబడి నిలిపేసేవాళ్లు. మెనింజైటిస్ 1987 హజ్‌లో చెలరేగింది. అప్పట్నుంచీ ఆ టీకా లేకుండా రానివ్వరు. కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒంట్లో పట్టుకోవడానికి.

మొదట్లో ఈ బల్లలన్నీ నాకు దేవుడి గుమ్మానికి కాపలాదార్లలా కనపడేవి. ఆ రోజు అలా అనిపించలేదు. ఎహ్రాం దీక్షలోకి వెళ్లాక యాత్రికుడు పేను కూడా చంపకూడదు, మక్కా పవిత్ర హద్దుల్లో చెట్టుకొమ్మ విరవకూడదు. అలాంటివాడు తన గొంతులో సూక్ష్మజీవిని మోసుకెళ్లి పక్కవాణ్ణి చంపొచ్చా? తెగులున్న ఊరికి వెళ్లొద్దని, మీ ఊళ్లో తెగులుంటే దాటి పోవద్దని ప్రవక్త చెప్పాడు. టీకా కార్డు ఆ మాటకు ఇవాళ్టి రూపం అనుకున్నాను. ఇలా అన్నీ సర్దుకున్నానన్నమాట: శక్తి ఉన్నవాడికే యాత్ర, శక్తి అంటే డబ్బు, ఒళ్లు, దారి, దారి అంటే కాగితమూ టీకా కూడా. పిలుపు అన్నది కవిత్వం. తెలుగు మాస్టార్ని కదా, కవిత్వాన్ని దాని గదిలో ఉంచడం నాకు తెలుసు.

మిగతా ఏర్పాట్లు త్వరగా చెప్పేస్తాను, వెళ్లబోయేవాళ్లకి పనికొస్తాయి. బీపీ, షుగరు మాత్రలు మొత్తం రోజులకీ సరిపడా, విప్పని స్ట్రిప్పుల్లో, డాక్టరు ఇంగ్లిషులో రాసిన చీటీతో సహా చేతిసంచీలోనే పెట్టుకోవాలి. నిద్రమాత్రలు, కొన్నిరకాల నొప్పిమాత్రలు అక్కడ ఆంక్షల కింద ఉంటాయి, ముందే అడిగి తెలుసుకోవాలి. పాస్‌పోర్టు గడువు హజ్ తర్వాత కూడా ఆరు నెలలకు మించి ఉండాలి. పెట్టెల మీద పేరూ హజ్ కమిటీ ఇచ్చే కవర్ నంబరూ పెద్దక్షరాలతో రాయించాలి. అమ్మకి అక్షరాలు రావు. పెట్టె పిడికి మిర్చి టిక్కీలు కుట్టే పురికొస మూడు పేటలు పురిపెట్టి కట్టుకుంది. వందల పెట్టెల్లో అది అమ్మకే ముందు కనపడింది, నాకు కాదు.

నాంపల్లి హజ్ హౌస్‌లో పాస్‌పోర్టులతో పాటు స్టీలు కడియం ఇచ్చారు. దానిమీద నంబరు. తప్పిపోయినా, పడిపోయినా ఎవరో చెప్పడానికి. అమ్మ దాన్ని గాజుల మధ్య సర్దుకుని, "పెళ్లిలో కూడా ఇంత బరువు పెట్టలేదురా మీ నాన్న" అంది.

మేం దిగింది మదీనాలో. తనిఖీ కౌంటర్ దగ్గర ఇరవై ఏళ్ల కుర్రాడు, మెత్తని మనిషి. నాలుగు వేళ్లూ అద్దం మీద పెట్టమన్నాడు. అమ్మ పెట్టింది. యంత్రం ఎర్రదీపం చూపింది. మళ్లీ. మళ్లీ ఎరుపే. నాకు గుండె జారింది. ఇంటి దగ్గర రేషన్ డిపోలో ప్రతి నెలా ఇదే తంతు. మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల వేళ్లు చూశారా ఎప్పుడైనా? రోజంతా ఎండు మిరపకాయ కుచ్చి పట్టుకుని పుల్ల విరుస్తారు. ఘాటు వేళ్లలోకి దిగి రాత్రిళ్లు మండుతుంది, మజ్జిగలో చేతులు పెట్టుకుని కూర్చుంటారు. కొన్నేళ్లకి వేలి కొసలు నున్నగా, మెరుస్తూ, నీళ్లలో అరిగిన గులకరాళ్లలా అవుతాయి. ఒకప్పుడు గీతలుండేవి అనడానికి గుర్తు ఉండదు.

అమ్మకి ఈ విద్య తెలుసు. కొంగు కిందికి చెయ్యి పోనిచ్చి, వేళ్లు జుట్టులో రుద్ది, కాస్త నూనె జిడ్డు పట్టించి మళ్లీ అద్దం మీద నొక్కింది. కౌంటర్‌లో కుర్రాడు వింతగా చూశాడు. అయిదోసారికి మూడు వేళ్లు పచ్చగా వచ్చాయి. ఫోటో తీసుకుని, ముద్ర కొట్టి, పాస్‌పోర్టు రెండు చేతులతో అందించాడు. "హజ్జా" అన్నాడు అమ్మని. పెద్దామెని గౌరవంగా అలా పిలుస్తారు.

ఖురాన్ 75వ అధ్యాయంలో, మట్టిలో కలిసిన మనిషిని మళ్లీ ఎలా లేపుతాడని వెక్కిరించేవాళ్లకి జవాబుగా, వేలి కొసలను కూడా తిరిగి కూర్చగలనని దేవుడంటాడు. వేలిముద్రల శాస్త్రం ముందే చెప్పాడని కొందరు దీన్ని తెగ చాటుతారు. నాకా మోజు లేదు. ఆ కౌంటర్ దగ్గర మాత్రం ఒక్కటే తట్టింది. ఆ రోజు అమ్మకి ఏ వేళ్లు తిరిగిస్తాడు? గీతలున్న పెళ్లికూతురు వేళ్లా, యార్డు అరగదీసిన ఈ వేళ్లా? అమ్మ ఎవరో ఇంకే కాగితం కన్నా ఈ నున్నటి వేళ్లే బాగా చెబుతాయి కదా. బయటికొచ్చి అడిగాను. "మండని వేళ్లయితే చాలు" అంది.

ఇక్కడిదాకా నా సిద్ధాంతం బాగానే నడిచింది. మక్కా దగ్గరి మినాలో తడబడింది.

2024 జూన్ 17. ఆ రోజు మక్కాలో పెద్ద మసీదు దగ్గర 51.8 డిగ్రీలు. అధికారికంగా వచ్చినవాళ్లకి గుడారాలు, ఏసీలు, బస్సులు. మెడలో నుసుక్ అనే హజ్ అనుమతి కార్డు ఉంటేనే లోపలికి. ఆ కార్డు లేకుండా, సందర్శన వీసాల మీద వచ్చి, హజ్ చేసేద్దామని నడిచిపోతున్నవాళ్లు వేలమంది. గుడారాల కంచె అవతల ఆగి ఉన్న బస్సు నీడలో ఒక ముసలి దంపతులు కూర్చున్నారు. ఈజిప్టు నుంచట, అంతవరకే అర్థమైంది. ఆయన చెప్పుల్లేని కాళ్లకి ప్లాస్టిక్ సంచులు చుట్టుకున్నాడు. ఆవిడ ఆయన నెత్తిమీద అట్టముక్క పట్టుకుని ఉంది. అమ్మ కంచె సందులోంచి నీళ్ల సీసా, తన వాటా ఓఆర్‌ఎస్ పొట్లాలు అందించింది. నా కార్డు చూపించి వాళ్లను లోపలికి తెద్దామని గేటు దగ్గరికి వెళ్లాను. కాపలావాడు తలూపలేదు. నేను తిరిగొచ్చేసరికి బస్సు కదిలిపోయింది, నీడ పోయింది, వాళ్లూ లేరు.

ఆ ఏడు 1,301 మంది చనిపోయారని తర్వాత సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వాళ్లలో నూటికి 83 మంది అనుమతి లేకుండా వచ్చినవాళ్లు. అనుమతి లేని హజ్ తగదని, అలా వెళ్లేవాడు పాపం చేసినట్టేనని అక్కడి పెద్ద ఉలేమాల మండలి ఏప్రిల్‌లోనే చెప్పి ఉంది. తర్కంగా చూస్తే ఆ తీర్పుకీ నేను ఏడాదిగా కట్టుకున్న సిద్ధాంతానికీ తేడా లేదు. కాగితం దారిలో భాగం. కాగితం లేనివాడికి దారి లేదు. దారి లేనివాడికి విధి లేదు. విధి లేనిచోటికి ఎందుకొచ్చాడు? ఈ మాటే నేను బస్సు నీడలో ముసలాయనకి చెప్పగలనా? ఆయన కూడా మా నాన్నలాగే ఎన్నేళ్లు లాటరీ కోసం చూశాడో. ఎవరో ఏజెంటు "వీసా ఏదైతేనేం, పిలుపొస్తే చాలు" అని డబ్బు గుంజి ఉంటాడు.

నేను షరతులో దయ చూశాను. ఉంది, కాదనను. శక్తి లేనివాణ్ణి శాస్త్రం వదిలేస్తుంది. అయితే శాస్త్రం వదిలేసినంత మాత్రాన మనిషి వదలడు. విధి లేకపోయినా కోరిక ఉంటుంది, దానికి ఇస్తితాఅత్ లెక్కలు రావు. నాన్నకి నేను ఆటోలో "నీ మీద బాకీ లేదు నాన్నా" అని చెప్పి ఉంటే ఆయనేమనేవాడు? బాకీ గురించి ఎవడడిగాడ్రా అనేవాడేమో. ఇన్నాళ్లూ నాన్న బాధకి నేను రాసిన మందు నా అపరాధభావానికి మాత్రమే పనికొచ్చిందని మినా ఎండలో తెలిసింది. మరి ఆ ముసలాయన మీద ఎండ పడటం? అదీ పిలుపులో భాగమేనంటే నేనొప్పుకోను. నీడ కార్డుని బట్టి పంచాలని ఏ గ్రంథంలోనూ లేదు. అనుమతి లేకుండా రావద్దనడం ఒకటి, వచ్చేసినవాడికి నీడ ఇవ్వకపోవడం ఒకటి. మొదటిదాన్ని నేను ఇప్పటికీ సమర్థిస్తాను. అంత జనంలో లెక్క లేకపోతే అందరూ చస్తారు. రెండోదానికి నా దగ్గర ఏ పుస్తకమూ లేదు.

ప్రవక్త చివరి హజ్‌లో ఒక యువతి వచ్చి, మా నాన్న ముసలివాడు, ఒంటె మీద నిలదొక్కుకుని కూర్చోలేడు, ఆయన తరఫున నేను చేయొచ్చా అని అడిగిందట. చేయొచ్చన్నాడు. అబూ హనీఫా ఇద్దరు శిష్యులు ఇలాంటివాటి మీదే నిలబడ్డారు. ఆ అమ్మాయి విధి ఉందా లేదా అని అడగలేదని, నాన్న ఒంటె మీద కూర్చోలేడని చెప్పుకుందని ఇప్పుడు చదివితే కనపడుతోంది. నాకు ఇప్పుడు నా హజ్ అయిపోయింది కాబట్టి నాన్న పేర హజ్ చేయొచ్చు. డబ్బు పోగవ్వాలి. మళ్లీ మూడు లక్షల పైమాట.

ఇంటికొచ్చిన నాలుగో రోజు. మక్కా జంజం నీళ్లు చిన్న సీసాల్లో పోసి వీధికంతా పంచడం అయింది. అమ్మ పెట్టె ఖాళీ చేస్తుంటే నేను పక్కన కూర్చుని ఖర్జూరాలు లెక్కపెడుతున్నాను. అడుగున, గసగసాలు దొరికిన ఆ పాత చీర మడతల్లోనే, పాలిథిన్ కవర్ చుట్టిన నాన్న పాస్‌పోర్టు బయటపడింది. 2020తో గడువు తీరింది. ట్రంకుపెట్టెలో ఉండాల్సింది.

నాకు ఒక్కసారిగా చెమటలు పట్టాయి. "ఇదెప్పుడు పెట్టావ్? చచ్చిపోయినాయన పాస్‌పోర్టు పట్టుకుని ఆ దేశం వెళ్లామా మనం? ఎవరైనా చూసుంటే ఏమని చెప్పేదానివి?"

"నువ్వు పెట్టె విప్పి మొత్తం చూశాక పెట్టా" అంది. "ఆ కాగితంలో తీసుకుపోగూడనివన్నీ చదివావుగా నాకు. ఇది లేదుగా అందులో."

విప్పి చూశాను. ఫోటోలో నాన్న కొత్త టోపీలో బెదురుగా ఉన్నాడు. తక్కిన పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. పోయినవాళ్ల పాస్‌పోర్టు ఆఫీసులో ఇచ్చి రద్దు చేయించాలని ఎప్పట్నుంచో పోరుతున్నాను, అమ్మ వినేది కాదు.

"ఇప్పుడిచ్చెయ్ ఆఫీసులో" అంది, చీర దులిపి మడత పెడుతూ.

నేనే ఇంకా ఇవ్వలేదు.